పలకాటకు పలకరింపులు

రెబెకా ఫోన్లో చెప్పింది ఒక మాట, పొదిలి బస్టాండులో నిలబడ్డ పాపమ్మ దగ్గర తేలింది ఇంకొక మాట. రెండింటికీ తేడా ఎంతని చూస్తే ఒక్క అక్షరమే. చివర ఉండాల్సిన 'ర్' ఎగిరిపోయి దాని చోట సున్నా వచ్చి కూర్చుంది. సున్నా వచ్చి కూర్చున్నాక మనిషికి ఏం మిగులుతుంది? ఆ సున్నానే మిగులుతుంది.

రెబెకా అన్నది ఇది: "ఆయన తెల్లారినప్పటి నుంచీ ఆ కంప్యూటర్ ముందరే ఉన్నాడత్తా. ఆన్‌లైన్ ఆట ఉంది గదా, సాయంత్రం ఆరింటికి సర్వర్ పోతాంది. మనిషి మనిషిగా లేడు."

పాపమ్మ నోటి నుంచి బయటికొచ్చింది ఇది: ఆన్‌లైన్ ఆటలో ప్రభుదాసుకు సర్వం పోతాంది, మనిషి మనిషిగా లేడు.

రెబెకా ప్రభుదాస్ భార్య, పాపమ్మ అతనికి వాళ్ళమ్మ అక్క. ఆమెకు ఒక సంగతి తెలిసిందంటే అది తెలిసినట్టు కాదు, తెల్లారినట్టు. ఊరందరికీ ఒకేసారి తెలుస్తుంది. కొనకనమిట్లలో పెళ్ళి భోజనానికి పోతూ బస్సు ఎక్కకముందే మార్కాపురంలో పాస్టరు దేవరాజు అయ్యగారికి, ఎక్కినాక దర్శిలో ఉన్న ప్రభుదాస్ మామ, అంటే రెబెకా తండ్రి, సత్యానందానికి ఫోన్లు చేసింది. అన్నం తినేసి సాయంత్రానికి తానూ వచ్చేస్తానని, అంతవరకూ పిల్లోణ్ణి ఒంటరిగా వదలొద్దనీ చెప్పింది.

అది ఆదివారం. దేవరాజు అయ్యగారు గుట్టు తెలిసిన మనిషి. ఆరాధనలో ప్రార్థన మనవులు చదువుతూ, మన సంఘంలోనే ఒక కుటుంబం ఆన్‌లైన్ ఆటలో సర్వం పోగొట్టుకుందని, పేరు చెప్పడం భావ్యం కాదని, అందరూ కన్నీళ్ళతో ప్రార్థించాలని కోరారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది రెబెకానే. ఇంటికొచ్చి మొగుడికి సంగతి చెప్పి, ఎవరో పాపం, పిల్లలున్నవాళ్ళేమో అని కళ్ళు తుడుచుకుంది. ప్రభుదాస్ కూడా కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తకుండానే, జనానికి బుద్ధి లేదు, ఆటంటే ఆడుకోవాల గానీ ఆటలో అమ్ముడుపోతారా అని విసుక్కున్నాడు. అంటే ఆ పూట తమ గురించి తామే బాధపడి, తమను తామే తిట్టుకుని, తమ కోసం తామే ప్రార్థించుకున్న దంపతులు ప్రపంచంలో వీళ్ళిద్దరే.

ఇంతకీ ఆరింటికి పోబోతున్నది ఏమిటో చెప్పాలి.

ప్రభుదాస్‌కు మార్కాపురం బస్టాండు ఎదురుగా జిరాక్సు, నెట్టు దుకాణం. వయసు నలభై ఆరు. బీకాం చదివినా కామ్‌గా కూర్చోలేని మనిషి. లాక్‌డౌన్ ఏడాది దుకాణం మూసుకుని ఇంట్లో ఉన్నప్పుడు, అర్ధవీడు నుంచి బెంగుళూరుకు పనికి పోయి అక్కడే రేకుల షెడ్డులో ఇరుక్కున్న పాత స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. నేల మీద బొగ్గుతో గీతలు గీసి పులి-మేక ఆడుకుంటున్నామనీ, ఉన్నది నలుగురమే కాబట్టి ఎవరి ఎత్తు ఏందో ముందే తెలిసిపోతోందనీ, ఊరోళ్ళతో ఆడితే తప్ప ఆటకు ఉప్పు కారం లేదనీ మొత్తుకున్నాడు.

పులి-మేక తెలియనివాళ్ళ కోసం: మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక పోయినట్టు. మేకలన్నీ కలిసి పులికి కదిలే దారి లేకుండా చేస్తే పులి కట్టుబడినట్టు. మూడు పులులూ కట్టుబడితే మేకలు గెలిచినట్టు.

ప్రభుదాస్ నెలరోజులు వీడియోలు చూసి, తప్పులు రాసి, దిద్ది, మళ్ళీ కొత్త తప్పులు రాసి, ఆ ఆటను ఫోన్లోకి ఎక్కించాడు. ఒకరు గిద్దలూరులో కూర్చుని పులిని జరిపితే ఇంకొకరు చెన్నైలో కూర్చుని మేకను జరపొచ్చు. పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో పుట్టినవాడికి పేరంటే పలక తప్ప ఇంకేం తడుతుంది? 'పలకాట' అని పెట్టాడు. పులి గాండ్రింపు తన గొంతే. రికార్డు చేసిన రోజు జలుబు కాబట్టి ఆ పులికీ శాశ్వతంగా జలుబే. మేక అరుపు మాత్రం పక్కింటి పుష్పమ్మ పెంచిన నల్లమేకది, అసలైన సరుకు.

మొదటి వారం ఆడినవాళ్ళు ఏడుగురు. అందులో ఇద్దరు ప్రభుదాసే. మరుసటి ఎండాకాలానికి తొమ్మిది వేలమంది. నల్లమలలో పులులెన్నో అడవి ఆఫీసుకు తెలుసో లేదోగానీ, పలకాటలో ఏ పూట ఎన్ని పులులు తిరుగుతున్నాయో ప్రభుదాస్‌కు తెలిసేది. మాటలు మానేసిన అత్తాకోడళ్ళు కూడా పలకాటలో పలకరించుకునేవాళ్ళు. కంభంలో ఒకాయన పెళ్ళిచూపుల్లో అబ్బాయిని, నువ్వు పులివా మేకవా అని అడిగాడట.

పడిపోవడానికి కారణం కూడా ఒక మాటే. పులి-మేకను పెద్దవాళ్ళు పులిజూదం అంటారు. ప్రభుదాస్ భాషాభిమానం పొంగి యాప్ వివరాల్లో 'మన పల్లెల పులిజూదం' అని రాసుకున్నాడు. యాప్‌లు పెట్టే అంగట్లో కాపలా ఉన్న యంత్రానికి పులి కనబడలేదు, మేక కనబడలేదు, జూదం ఒక్కటి కనబడింది. తీసి అవతల పారేసింది. ఇది జూదం కాదు, జూదమనే పేరున్న ఆట, మా అవ్వలు చింతగింజలతో ఆడినారు అని ఇతను పద్నాలుగు ఉత్తరాలు రాశాడు. పద్నాలుగింటికీ ఒకటే జవాబు, మీ సహనానికి ధన్యవాదాలు అని. లేని దానికి ధన్యవాదాలు ఎందుకో ప్రభుదాస్‌కు అర్థం కాలేదు. మాట మార్చి మళ్ళీ ఎక్కించేసరికి ఏడాది. ఈలోపల జనం వేళ్ళు మేకల్ని జరపడం మాని రీళ్ళు జరపడానికి అలవాటు పడ్డాయి. తొమ్మిది వేలు రెండు వందల పదకొండుకు దిగింది. ఒకప్పుడు లాగిన్ అయినవాళ్ళే లాగి పారేశారు.

ఆ మీదట ఆట నడిపే సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ ఉత్తరం రాసింది. పాత యంత్రాలు ఎత్తేస్తున్నారట. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆఖరు. కొత్త యంత్రానికి మార్చాలంటే ఆటంతా మొదటి నుంచి రాయాలి. ప్రభుదాస్ రెబెకా ముఖం చూశాడు. రెబెకా గోడ చూసింది. సరే, ఇంతవరకే అనుకున్నాడు.

ఒక్కటే కోరిక మిగిలింది. ఆఖరిగా ఒక పోటీ పెట్టాడు. పలకాట ఎట్లా పుట్టిందో ఎవరికీ గుర్తు లేకపోయినా, ఎట్లా పోయిందంటే ఒక మంచి ఆటతో పోయిందని చెప్పుకోవాలి. ఆ పోటీలో చివరికి మిగిలినవాళ్ళు ఇద్దరు. మేకల వైపు అర్ధవీడు రాఘవమ్మ, డెబ్భై దాటిన అవ్వ. ఆమెకు కొండలో నిజం మేకలు ముప్పై, ఫోన్లో పలకాట మేకలు పదిహేను, రెండు మందలనూ ఒకే కంటితో కాస్తుంది. పులుల వైపు గిద్దలూరు దగ్గర మిరప వేసే రైతు చెన్నకేశవులు. ఇరుకున పడితే ఒక్క ఎత్తు వెయ్యడానికి టీ కాగినంత సేపు తీసుకుంటాడు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఓడిపోయానని ఒప్పుకోలేదు. ఓడే సమయానికి కరెంటైనా పోతుంది, సిగ్నలైనా పోతుంది, కళ్ళజోడైనా పోతుంది.

ఆట ఐదింటికి. ఆరింటికి సర్వర్ పోతుంది. ఆ గంటలో ఆట తేలాలి, అంతే. చిక్కల్లా ఏమిటంటే ఆ సర్వర్ ముసలిదైపోయి మధ్య మధ్యలో బిగుసుకుపోతుంది. ప్రభుదాస్ తన లాప్‌టాప్ నుంచి దానికి రెండు దెబ్బలు వేస్తే తప్ప కదలదు. కాబట్టి ఆ పూట లాప్‌టాప్ అతని ఒడి దిగడానికి వీల్లేదు.

ఒంటిగంటన్నరకు మొదటి పలకరింపు వచ్చింది. పాపమ్మ బస్సులో నుంచి చేసిన మూడో ఫోన్ అందుకుని పక్కింటి పుష్పమ్మ స్టీలు గిన్నెలో పులిహోర తెచ్చింది. పులి ఆటకు పులిహోర, ఎంత ఆలోచించి తెచ్చిందో అని ప్రభుదాస్ మురిసిపోయాడు. ఆమె గిన్నె బల్ల మీద పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, అంతా పోతాందంట గదా నాయనా అంది.

"పోనీలే పిన్నీ. ఆరేండ్లు ఆడినా. ఇంగ చాలు."

"ఆరేండ్లా?" అంటూ ఆమె కుర్చీ వెతుక్కుంది. "మీ ఆడమనిషికి తెలుసునా?"

"తెలీకేం. మొదట్లో రాత్రిళ్ళు తనే నాకు టీ పెట్టిచ్చేది. నేనొక్కణ్ణే ఆడితే ఏముంది పిన్నీ, తొమ్మిది వేలమందిని ఆడించినా."

పుష్పమ్మ లేచి నిలబడింది. పులిహోర గిన్నె అక్కడే వదిలేసి, మూత మాత్రం చేతపట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ వాకిలి దాటింది. పెద్దావిడ, పాపం, కదిలిపోయింది అనుకున్నాడు ప్రభుదాస్. రెండింటికల్లా వీధిలో సంగతి ముదిరింది. ప్రభుదాస్ ఆడి పోగొట్టుకున్నవాడు కాదు, ఆడించేవాడు. తొమ్మిది వేలమంది. ఆడవాళ్ళు దబర గిన్నెల్లో కూరలు తెచ్చారు, మగవాళ్ళు సలహాలు తెచ్చారు. ఒకాయన తన తమ్ముడి కొడుకు కూడా ఇట్లే పోయి ఇప్పుడు చికెన్ అంగడి పెట్టుకుని బాగుపడ్డాడని చెప్పి, కోడి ఎప్పుడూ మోసం చెయ్యదని భుజం తట్టి పోయాడు. ఇంకొకాయన కొత్త సిమ్ము కొనుక్కోమన్నాడు. ప్రతి ఒక్కరికీ ప్రభుదాస్ థాంక్స్ చెప్పాడు, ఆదివారం పూట ఇంతమంది పలకాట మీద ఇంత ప్రేమ చూపించే బదులు ఆ ప్రేమేదో ఫోన్లో వేలు పెట్టి చూపించి ఉంటే బాగుండేది గదా అని లోపల లోపల మండిపడ్డాడు. మూడు నిమిషాలకొకరు వస్తుంటే సర్వర్‌ను చూసేదెప్పుడు?

మూడింటికి మామ సత్యానందం దిగాడు. ఆయన ఆర్టీసీలో ముప్పై నాలుగేళ్ళు కండక్టరు. ఉద్యోగం వదిలింది గానీ తోలు సంచి చంక వదల్లేదు. లోపలికి వచ్చీ రాగానే నడవలో ఉన్న జనాన్ని ముందుకు జరగండమ్మా, దారిలో నిలబడొద్దు అని సర్ది, అల్లుడి ఒడిలో నుంచి లాప్‌టాప్ పైకెత్తి, వైర్లు పీకి, బీరువాలో చీరల మధ్య పెట్టి తాళం వేసి, తాళంచెవి తోలు సంచిలో వేసుకున్నాడు. ఇదంతా ఒక టికెట్టు కొట్టినంత సేపట్లో అయిపోయింది.

ప్రభుదాస్‌కు ఒళ్ళు మండింది. మామకు మొదటి నుంచీ ఈ ఆటంటే గిట్టదని తెలుసు. గిట్టకపోతే గిట్టకపోయె, చివరి రోజు కూడా ఇట్లనా?

"మామా, తాళంచెవి ఇయ్యి. ఐదింటికి ఆట ఉంది. ఈ ఒక్క ఆట, ఇదొక్కటే, ఇంగ జన్మలో ముట్టుకోను."

సత్యానందం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అందురూ అనేది అదే అల్లుడా. ఈ ఒక్క ఆటే అంటారు."

"ఆరింటికి ఎట్లాగూ పోతాది మామా, పోయేలోపల ఒక్కసారి..."

"పోనీ. పోయినా నువ్వు మాకుంటావు."

ప్రభుదాస్ తల పట్టుకున్నాడు. వంటింట్లో రెబెకాకు సంగతి చెప్దామని పోతే అక్కడ పన్నెండు మంది ఆడవాళ్ళు ఆమెను చుట్టుకుని, ధైర్యంగా ఉండు, బంగారం ఎక్కడుందో చూసుకో అని ఓదారుస్తున్నారు. మొగుడి ఆట ఆగిపోతే తన బంగారం ఎందుకు చూసుకోవాలో తెలియక ఆమె అందరికీ టీలు పోస్తోంది.

నాలుగున్నరకు దేవరాజు అయ్యగారు వచ్చారు. వెనకనే మైకు, బాక్సు, రెండు జంబుఖానాలు వచ్చాయి. ఇంట్లోనే అత్యవసర కూడిక అన్నారు. పాపమ్మ కూడా పెళ్ళి భోజనం ముగించుకుని ఆ జంబుఖానాలతో పాటే దిగి, ముందు వరసలో కూలబడింది. నలభై మంది. ప్రభుదాస్‌ను కుర్చీ వేసి మధ్యలో కూర్చోబెట్టారు. ఐదు కొట్టింది. అతని చేతిలో ఫోన్లో ఆట మొదలైంది. బాక్సులో నుంచి పాట, అయ్యగారి నోట అత్యాశ మీద ప్రసంగం, ఒళ్ళో రాఘవమ్మ మేకలు. ఐదూ ఇరవైకి నాలుగు మేకలు పోయాయి, రెండు పులులు కట్టుబడ్డాయి. ఐదూ ఇరవై ఆరుకు తెర బిగుసుకుపోయింది.

వెంటనే రాఘవమ్మ నుంచి ఫోన్. ప్రభుదాస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడాడు. ఎన్ని పోయినాయవ్వా, నాలుగేనా, పదకొండు ఉండాయి గదా, ఏం కాదు, ఉన్న ఒక్క పులినీ కట్టేస్తే మనదే, నేను ఇప్పుడు రాలేను, ఇంట్లో కట్టేసినారు అన్నాడు. పక్కన కూర్చున్నవాళ్ళు విన్నది వెనక్కి చేరవేశారు. వెనక్కి పోయేసరికి, ప్రభుదాస్ మేకల్ని కూడా పందెంలో పెట్టినాడంట, నాలుగు పోయినాయంట, ఇంగా పదకొండు ఉండాయంట అని తేలింది. పుష్పమ్మ లేచి తన దొడ్డి తలుపు చూసుకోవడానికి పోయి వచ్చింది.

అయ్యగారు ప్రసంగం ఆపి, మైకు ప్రభుదాస్ చేతికిచ్చారు. సాక్ష్యం చెప్పు బాబూ, నోటితో ఒప్పుకుంటే సగం బరువు దిగుతుంది అన్నారు.

గోడ గడియారంలో ఐదూ ముప్పై ఒకటి. ప్రభుదాస్ మైకు పట్టుకున్నాడు.

"నేను ఒకటే అడగతా. నేను ఏం పోగొట్టుకున్నానంట?"

జంబుఖానా చివరి నుంచి ఒక గొంతు, సర్వం గదా అంది.

సర్వం. ఆ మాట వినగానే పొద్దుటి నుంచి జరిగిందంతా ప్రభుదాస్ కళ్ళ ముందు వరసగా నిలబడింది. పులిహోర, చికెన్ అంగడి, కొత్త సిమ్ము, బంగారం. వంటింటి గుమ్మంలో రెబెకా చేతిలో టీ జల్లెడ ఆగిపోయింది. పొద్దున తాను గట్టిగా ఆమెన్ అన్నది ఎవరి కోసమో ఆమెకూ అప్పుడే తెలిసింది.

"సర్వం కాదు, సర్వర్" అన్నాడు ప్రభుదాస్.

సంఘం మైకుకు మాట చివర మింగే అలవాటు. సర్వం కాదు, సర్వ... అని వినబడింది. సర్వం కాదంట, సర్వమూనంట అని ఎవరో పక్కవాళ్ళకు అర్థం చెప్పారు. ప్రభుదాస్ మళ్ళీ చెప్పాడు. మళ్ళీ మింగింది. మూడోసారి మైకు కింద పెట్టి గొంతుతో అరిచాడు. అరిచేసరికి పిల్లోడికి మతి చలించిందని పాపమ్మ ఏడుపు అందుకుంది. ఆ ఏడుపులో అతని మాట ఎటుపోయిందో తెలియలేదు. ఒక మనిషి తన సర్వం పోలేదని నిరూపించుకోవడం ఇంత కష్టమని ఆ రోజే తెలిసింది. నిజంగా పోగొట్టుకున్నా ఇంత ఇబ్బంది ఉండేది కాదు.

మళ్ళీ రాఘవమ్మ ఫోన్. ప్రభుదాస్ స్పీకర్ నొక్కి ఫోన్‌ను మైకు ముందు పెట్టాడు.

"నాయనా, నా మేక కదలడం ల్యా. ఏం చేస్తాండావు? ఆ ఏడుపులేంది?"

"అవ్వా, నేను ఆటలో ఆస్తి పోగొట్టుకున్నానని నలభై మంది వచ్చి కూర్చున్నారు. నువ్వే చెప్పు."

రాఘవమ్మ గొంతు కొండల్లో మేకల్ని పిలిచే గొంతు. దాన్ని మింగే శక్తి ఏ మైకుకూ లేదు. "ఎవురమ్మా మీరు? ఆ పిల్లోడు మాకు ఆరేండ్లుగా పులి-మేక ఆట పెట్టినాడు. మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోల్యా, ఒక్క రూపాయి పెట్టనీల్యా. ఆ ఆట నడిపే యంత్రం యాడనో ఉందంట. ఆరింటికి దాన్ని ఆపేస్తారంట. పోతాండేది అది. ఆ లోపల నేను పులిని కట్టాల. ఆ పిల్లోణ్ణి ఎవురు కట్టేసినారో ఇప్పండి."

వీధి చివరి వరకూ వినబడింది. నలభై మందీ సత్యానందం వైపు చూశారు. ఆయన తోలు సంచిని రెండు చేతులా పట్టుకుని, ఇదీ నాటకమైతే అని నసిగాడు. రెబెకా టీ జల్లెడ పక్కన పెట్టి వచ్చి తండ్రి సంచిలో చెయ్యి పెట్టింది. ఆ సంచిలో ఇంకొకరి చెయ్యి పడడం అదే మొదలు. బీరువా తీసి, చీరల మధ్య నుంచి లాప్‌టాప్ తెచ్చి మొగుడి ఒళ్ళో పెట్టింది.

ఐదూ నలభై నాలుగు. ప్రభుదాస్ తొందరలో పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాడు. నలభై ఎనిమిదికి సర్వర్ కదిలింది. మేక అరిచింది. ఇది మా నల్లమేక గొంతు గదా, పోయి మూడేండ్లయింది అంటూ పుష్పమ్మ అందరినీ తోసుకుని ముందుకొచ్చింది. ఆటను మాన్పించడానికి వచ్చిన నలభై మందీ లాప్‌టాప్ చుట్టూ మూగారు. మిగిలింది ఒక్క పులి. అది పోగల దారులు రెండు. ఎత్తు చెన్నకేశవులుది.

చెన్నకేశవులు ఆలోచించాడు. ఐదూ యాభై ఒకటి. ఐదూ యాభై మూడు. గిద్దలూరులో టీ కాగుతోంది. అయ్యగారు చెయ్యి జేబులో పెట్టుకుని పెదాలు కదుపుతున్నారు, దేనికోసమో అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు. సత్యానందం ఉండబట్టలేక, కదలవయ్యా, టైమైపోతాంది, రైట్ రైట్ అన్నాడు. ప్రభుదాస్ చెన్నకేశవులును కూడా ఫోన్లో కలిపి బతిమాలాడు. తొందరపడితే ఆట పాడైపోతాది తమ్ముడా అని ఆయన నిదానంగా జవాబిచ్చాడు. ఐదూ యాభై ఎనిమిదిన్నరకు పులి జరిగింది. జలుబు గొంతుతో గాండ్రించింది.

రాఘవమ్మ మేక మీద వేలు పెట్టింది. మేక లేచింది. గీత మీద సగం దూరం వచ్చింది. అక్కడ ఆగింది.

తెర బూడిద రంగుకు మారింది. ఆరు.

ప్రభుదాస్ రెండు మీటలు నొక్కాడు. అలవాటు కొద్దీ మళ్ళీ నొక్కాడు. ఈసారి అవతల కదలడానికి ఏమీ లేదు. ఆరేళ్ళ పలకాటను ఒకే ఒక్క మంచి ఆటతో ముగించాలనుకున్నవాడికి ముగింపు గీత మధ్యలో నిలబడిపోయింది.

ఫోన్లో చెన్నకేశవులు గొంతు సర్దుకున్నాడు. "సిగ్నల్ పోయినట్టుంది. ఆట తేలల్యా."

"సిగ్నల్ కాదు కేశవులూ, సర్వరు. ఇంగ రాదు" అంది రాఘవమ్మ. "నా మేక ఆ ఎడమ కొస మీదికి వచ్చేది. బోర్డు నీకు గుర్తుంది గదా. ఇప్పుడు చెప్పు, నీ పులి యాడికి పోతాది?"

సిగ్నల్ నిజంగానే పోయిందేమోనని ప్రభుదాస్ ఫోన్ చూసుకున్నాడు.

"యాడికీ పోదు" అన్నాడు చెన్నకేశవులు.

"అంటే?"

"అంటే కట్టుబడింది. ఓడిపోయినా. రాసుకో ప్రభుదాసూ."

రాసుకోవడానికి ప్రభుదాస్‌కు చోటు లేదు. ఆటలన్నీ రాసుకునేది ఆ సర్వరే. అతను బూడిద తెర వైపు, అందరి వైపు చూశాడు. దేవరాజు అయ్యగారు చంకలో ఉన్న ప్రార్థన మనవుల నోటుబుక్కు తీసి, ఆ పొద్దున తాను రాసుకున్న 'సర్వం' అన్న మనవిని అడ్డంగా కొట్టేసి, కింద కృతజ్ఞతల వరుసలో అర్ధవీడు రాఘవమ్మ, మూడు పులులు, ఆరు గంటలు అని రాసి, ప్రభుదాస్‌కు చూపించారు. స్పెల్లింగు సరిపోయిందా అని అడిగారు. సరిపోయింది అయ్యగారూ అన్నాడు ప్రభుదాస్.

అయ్యగారు నోటుబుక్కు మూసి పాపమ్మ వైపు తిరిగారు. అమ్మా, పొద్దున నాకు ఫోన్ చేసింది మీరే, మీకు సర్వర్ అన్న మాట సర్వం అని ఎట్లా వినబడింది, బస్సు హారన్లు మోగుతున్నాయా అని మర్యాదగానే అడిగారు.

పాపమ్మకు కోపం వచ్చింది. "నాకేం చెవుడు ల్యా అయ్యగారూ. పిల్ల సర్వరు అనే అనింది. నాకు సర్వరు అనే ఇనబడింది. సర్వరంటే హోటల్లో ఇడ్లీ పెట్టేటోడు. వాడు పోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు గానీ, దానికి మనిషి మనిషిగా లేకుండా పోవడమేంది? పిల్ల బాధలో మాట తప్పు పలికింది అనుకున్నా. అందుకని నేనే సరిచేసి సర్వం అని చెప్పినా."

రెబెకా తల బాదుకుంది. అయ్యగారు లేచి, మైకును పక్కన పెట్టి, వాకిట్లో నిలబడ్డవాళ్ళకూ వినబడేట్టు ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పారు: పోయింది సర్వం కాదు, సర్వర్. సర్వర్ అంటే ఇడ్లీ పెట్టేవాడు కాదు, ఆట పెట్టే యంత్రం. మన ప్రభుదాస్ ఏమీ పోగొట్టుకోలేదు. పేరు చెప్పకుండా పొద్దున నేను చెప్పిన కుటుంబం అంటూ ఏదీ లేదు.

అందరికీ అర్థమైంది. పుష్పమ్మ ఒక్కతే కదలకుండా నిలబడి, మరి తొమ్మిది వేలమందిని ఆడించినా అన్నావే నాయనా అని అడిగింది.

"మేకల్ని పిన్నీ" అన్నాడు ప్రభుదాస్ గోడకు చేరగిలబడి. "తొమ్మిది వేలమంది చేత మేకల్ని జరిపించినా. అంతే."